తెడ్డు చాపని పడవోడు

నేను బడి మానేసిన సంగతి బడికి చాన రోజులదాక తెల్వలేదు. సారు హాజరు పిలుస్తుంటే నా దోస్తు ఒకడు తన వంతుకు ఒక గొంతు, నా వంతుకు ఇంకో గొంతు పెట్టి ‘ఉన్న సార్’ అంటుండెనట. మూడు నెలల పరీక్ష గూడ నా పేరు మీద వాడే రాసిండు. ఏడేండ్లు బడిల కూసుంటే రాని మార్కులు బడికి పోని మూడు నెలలల్ల వచ్చినయి నాకు.

అసుంటోన్ని సూరత్‌ల ఇంగ్లీషు తెలిసినోని లెక్క కొన్నేండ్లు బతికిన. ఆ బతుకు ఎట్ల ఆగమయిందో చెప్త.

సూరత్ అంచున డిండోలిల మేము ముగ్గురం ఒక రూముల ఉంటం. నేను, నా బామ్మర్ది సాంచాలు నడిపిస్తం. సాంచా అంటే కరెంటు మగ్గం. మూడో మనిషి కాకా. ఆయనకు యాభై దాటినయి. ఇదివరకు ఆయన గూడ సాంచాలే నడిపిస్తుండె, ఇప్పుడు నేసిన బట్టను బల్ల మీద విప్పి తప్పులు పట్టే పని చేస్తడు. ఆ పని చేసీ చేసీ ఆయన కండ్లు అట్లనే అయినయి. అన్నం పళ్ళెం ముందల పెట్టినా ముందుగాల రాయి ఏడున్నదో చూస్తడు.

పక్కన ఉధ్నా స్టేషను కాడ ఉండే రైల్వే సారు ఒకాయన, కోస్తా దిక్కు మనిషి, కొత్త గేమ్ డబ్బా కొనుక్కొని పాతది మాకిచ్చిండు. టీవీకి తగిలించి చేతిల రిమోటు పట్టుకొని ఆడేది. దాంట్ల ఒక్కటే ఆట ఉండె. దాని అసలు పేరు మాకు నోరు తిరగదు, మేము పడవోడు అంటుంటిమి. ఊర్లన్ని మునిగిపోయిన దేశం. ఇంటి కప్పుల మీదికెళ్ళి పడవ పోతది. గడ్డపోడు ఒకడు తెడ్డేసుకుంట ఏటికి ఎదురు పోతుంటడు. వాని జేబుల ఒక ఫోటో. ఆ ఫోటోల మనిషిని దేవులాడుకుంట పోవుడే ఆట. నడుమ నడుమ పడవోడు, దారిల వానికి ఎదురయినోళ్ళు ఇంగ్లీషుల మాట్లాడుకుంటరు, కింద అక్షరాలు పడుతయి.

మొదటి రోజే కాకా అడిగిండు, ఆ ఫోటోల ఉన్నదెవడ్రా అని. బామ్మర్ది చేతులు రిమోటు మీద ఉన్నయి, వానికి సోయి లేదు. నేను ఖాళీగ ఉన్న. నా నోరు ఖాళీగ ఉండుడు నాకు చాతగాదు. తమ్ముడు అన్న.

అట్ల అనుడు వెనుక నా లెక్క నాకుండె. సాంచాల నడుమ మనిషి మాట మనిషికి వినవడదు. ఇరువై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే చెవి పక్కన పటాకి పేలినా తెల్వది. గందుకే మేము మూతి చూసి మాట పడుతం. నాలుగు సాంచాల అవుతల ఉన్నోడు చాయకు పోదామంటుండా, పోగు తెగిందంటుండా, శేఠ్ వస్తుండు జర చూసుకో అంటుండా, పెదవి కదిలిందంటే చాలు. మా కార్ఖానల ఈ పనిల నన్ను మించినోడు లేడు. బొమ్మల మూతులు గూడ మూతులే గద అనుకున్న. అవి ఇంగ్లీషు మూతులన్న సంగతి నాకప్పుడు తోచలే. తోచినా ఊకుందునా, అది వేరే ముచ్చట.

ఇగ సెలవు రోజు వచ్చిందంటే బామ్మర్ది ఆడుడు, నేను చెప్పుడు, కాకా వినుడు. పక్క రూములోళ్ళు గూడ గడప మీద కూసునేటోళ్ళు. పడవోడు మూతి తెరిస్తే చాలు, నేను మన మాటల అందుకునేటోన్ని. అన్నదమ్ములు చిన్నప్పుడు ఒక్క పడవల తిరిగిన్రని చెప్పిన. పంచాయితి ఏడ వచ్చిందో చెప్పిన. తమ్ముడు ఇల్లిడిసి పోయిన నాడు వదిన ఏం వండిందో గూడ చెప్పిన. ఒకసారి పడవోడు ఏం మాట్లాడకుంట ఏరు దిక్కు చూసుకుంట నిలవడితే, వాడు మనసుల అనుకునేది గూడ చెప్పిన. ఆఖరికి ఒక పాత గిర్నిల ఫోటోల మనిషి దొరికిండు. ఇద్దరు మంట ముంగట ఎదురెదురుగ కూసున్నరు. పడవోడు చేతిల ఉన్న గొడ్డలి కింద పెట్టిండు. తెర నల్లగయింది. అన్నదమ్ములు ఒక్కటయిన్రని చెప్పి నేను గూడ కండ్లు తుడుసుకున్న.

ఆ మరునాడు కాకా మేడ మీదికి పోయి ఊరికి ఫోను చేసిండు. ఆయన తమ్మునితోని పదేండ్లకెక్కువే మాటల్లేవని మాకు అప్పుడే తెల్సింది. నాయిన దినాల నాడు తినే కాడ ఏదో మాట అనుకున్నరట. అదేం మాటో ఇద్దరికీ యాదికి లేదట, కని కోపం మాత్రం యాదికున్నది. కాకా కిందికి దిగి వచ్చి, మాట్లాడిన రా అన్నడు. ఎవరితోని అని అడిగితే, పడవోని తమ్మునితోని అన్నడు. అప్పటిసంది ప్రతి సెలవు నాడు ఆ తమ్ముడు ఫోను చేసుడే. కాకా దగ్గర నాకొక కుర్చీ పడ్డది. కార్ఖానల నా మాట ఎవడు పట్టించుకోకున్నా, రూముల నేను చదువుకున్నోన్ని.

పడవోని ఆట రెండో భాగం వస్తదని ఏండ్ల సంది చెప్పుడే, వచ్చుడు లేదు. ఫోన్ల కొత్త బొమ్మ ఒకటి పడితే బామ్మర్ది ఏడాది దాన్నే చూసేటోడు. వస్తున్నది, వస్తున్నది, మల్ల జరిపిన్రు. మా ఊరి రోడ్డు గూడ అంతగనం వాయిద పడలే. మేము ఊకున్నమా, లేదు. రెండో భాగంల ఏమయితదో నేను ముందుగాలే చెప్పి పెట్టిన. అన్నదమ్ములిద్దరు ఒక్క పడవల ఇంటికి మర్లుతరు, వదిన బతికే ఉంటది. కాకా దాన్ని ఖాయం చేసుకున్నడు.

ఆఖరికి వచ్చింది. అందరం పైసలేసుకొని తెప్పించినం. సెలవు నాడు పొద్దుగాలనే తానాలు చేసి కూసున్నం, పెండ్లికి పోయినట్టు. పెట్టంగనే తెల్సింది. ఈసారి బొమ్మలు హిందీల మాట్లాడుతున్నయి. సూరత్‌ల ఉన్నోనికి హిందీ నేను చెప్పేదేంది. కడుపు మీద కొట్టిన్రు. అయినా సరే, కథ మంచిగుంటే చాలని గమ్మున కూసున్న.

కథ ఎట్లున్నదంటే, తెల్లారింది. అదే గిర్ని. పడవోడు, ఫోటోల మనిషి, ఇద్దరు పడవ ఎక్కిన్రు. కాకా నా తొడ మీద చెయ్యేసి నొక్కిండు. ఏరు నడుమకు పోయినంక పడవ ఒరిగి ఆ మనిషి నీళ్ళల్ల పడ్డడు. చెయ్యి చాపిండు. పడవోని చేతిల తెడ్డున్నది. మనం బటన్ నొక్కితే తెడ్డు చాపాలె గద. బామ్మర్ది నొక్కిండు. చాపలే. ఇంకోటి నొక్కిండు. రెండు కలిపి నొక్కిండు. పక్క రూమోడు రిమోటు గుంజుకొని అన్ని ఒక్కసారి నొక్కిండు. పడవోడు కూసున్న కాడికెళ్ళి కదలలే. నీళ్ళు మూసుకున్నయి. హిందీల ఒక్క మాట అన్నడు, “నువ్వు గేటు తెరిచిన నాడు మావోళ్ళు గూడ గిట్లనే చేతులు చాపిన్రు.”

గేటేంది, మావోళ్ళేంది అని అందరు నా దిక్కు చూసిన్రు. నాకేం ఎరుక. నాకు నిజంగనే మంట పుట్టింది. ఆట చేసిన కంపెనీవోడు తమ్మున్ని తీసుకపోయి గేటు వాచ్‌మన్‌ను చేసిండు, కథను నాశనం చేసిండు అన్న. అంటున్నప్పుడు నేను అబద్ధమాడుతున్ననని నాకు తోచలే. అన్నేండ్లు చెప్పీ చెప్పీ ఆ తమ్ముడు నాకు గూడ తమ్ముడే అయిండు.

ఆ తర్వాత ఆటల ఉన్నదంత రాళ్ళు మోసుడు. పడవోడు కూలిపోయిన కట్టను మల్ల కడుతుంటడు. ఒక రాయి తేవాలె, పెట్టాలె, ఇంకో రాయి తేవాలె. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి ఇంట్ల రాళ్ళు మోయాలెనా అని పక్క రూములోళ్ళు లేచిపోయిన్రు. బామ్మర్ది ఒక్కడు ఇడువలే. వాన ఎంత మంచిగ తీసిండో చూడు బావా, బట్ట మీద తడి కనవడుతున్నది అంటడు. కథేమయిందిరా అంటే, కథ ఎవనికి గావాలె అంటడు. ఫోన్ల చూస్తే దేశమంత ఇదే కొట్లాట. సగం మంది కథ బాగలేదని ఏడుస్తున్నరు, సగం మంది మీకు సమజ్ కాలేదని తిడుతున్నరు. ఆ ఏడ్సేటోళ్ళను చూసి నాకు బలమొచ్చింది. ఒక్కడు గూడ తమ్ముని మాట ఎత్తలేదన్నది నేను చూడలే.

వచ్చే సెలవు నాడు రైల్వే సారు వచ్చిండు. ఆయన గూడ ఈ ఆటకు పెద్ద అభిమాని. ఆయన ఇంట్ల పడవోని బొమ్మ అద్దాల పెట్టెల ఉంటది. ఎలా ఉందయ్యా అని అడిగిండో లేదో, అందరం మీద పడ్డం. సారు మాత్రం తాపీగ, కథ చాలా ధైర్యంగా రాశారన్నడు. మనం ఏ బటన్ నొక్కినా పని చేయదు చూశారూ, అదే కథ అన్నడు.

“పని చెయ్యని బటనే కథ అయితే మా కార్ఖానల సాంచాలన్ని పురాణాలే సార్” అన్న.

అందరు నవ్విన్రు. సారు గూడ కొద్దిగ నవ్విండు. కాకా మాత్రం నవ్వలే. సొంత తమ్ముడు మునుగుతుంటే తెడ్డు చాపనోడు ధైర్యమున్నోడెట్లయితడు సార్ అని అడిగిండు. సారుకు అర్థం కాలే. నా దిక్కు, కాకా దిక్కు చూసిండు.

“తమ్ముడెవరండీ? ఈ ఆటలో తమ్ముడే లేడు.”

సారు చెప్పుకుంట పోతున్నడు. ఆ ఫోటోలోవాడు ఆనకట్ట గేటు చూసేవాడండీ, రాత్రికి రాత్రి గేటు తెరిచి ఊళ్ళన్నీ ముంచేశాడు, పడవవాడి పెళ్ళాం పిల్లలు అందులోనే పోయారు, మొదటి భాగమంతా ఆ పగే కదండీ అని. అప్పుడే ఒప్పుకుంటే అయిపోతుండె. కని గడప మీద ఆరుగురు కూసున్నరు, కాకా నా మొఖంలకే చూస్తున్నడు.

“మీరు రైల్వేల ఉంటరు గద సార్, మీకు స్టేషన్లే కనవడుతయి. నడుమ ఊర్లు కనవడయి.”

మల్ల నవ్విన్రు. ఈసారి సారు నవ్వలే. ఇంగ్లీషు ఆయనకే వచ్చు, ఆట ఆయనదే, డబ్బా ఆయనిచ్చిందే. అసుంటి మనిషిని ఆయన డబ్బా ముంగటనే తెల్వనోన్ని చేసిన. ఒకడు సారుకు నిద్రల ఆట చూసే అలవాటున్నదన్నడు. సారు చాయ సగం వదిలిపెట్టి లేచిండు.

కాకా ఆయన్ని గడప కాడ ఆపిండు. కాకాకు కోపం లేదు, కార్ఖానల బల్ల కాడ ఉండే మొఖం వచ్చింది. ఆయన పని తీరు చెప్పాలె. నూరు మీటర్ల బట్ట చుట్టను ఇక్కడ తాకా అంటరు. తాకా చివరల గీత పడ్డదని శేఠ్ మొత్తుకుంటే, మిగతా చెకింగోళ్ళు చివరి షిఫ్టోన్ని పిలిచి తిడుతరు. కాకా అట్ల చెయ్యడు. తాకా మొత్తం విప్పుతడు. మొదటి మీటరు కాడికెళ్ళి వేలు పెట్టి చూసుకుంట వస్తడు, పోగు ఏడ తప్పిందో ఆడ సుద్దతోని గీత పెడుతడు. తప్పు చివరల కనవడుతది, మొదట్ల పుడుతది అంటడు. ఆయన మూలంగ తిట్లు తప్పినోళ్ళు చాన మంది ఉన్నరు, నేను గూడ ఉన్న.

“వచ్చే సెలవు నాడు రాండ్రి సార్. మొదటి భాగం మొదటి కాడికెళ్ళి పెడుదాం. మీరు చదువుండ్రి. వీడు ఇంతకు ముందు చెప్పింది నాకు యాదికున్నది.”

ఆ వారం నేను సాంచాల మీద ఎన్ని పోగులు తెంపిననో లెక్క లేదు. డబ్బా కరాబు అయితదా అని చూసిన, కాలే. నేనే కరాబు చేద్దామా అని గూడ అనుకున్న, బామ్మర్ది దాని పక్కనే పంటడు. సారు రాడనుకున్న. వచ్చిండు, కండ్లద్దాలు తుడుసుకుంట వచ్చిండు.

కాకా సుద్దముక్క పట్టుకొని కింద కూసున్నడు. సారు కింద పడే అక్షరాలు ఇంగ్లీషుల చదువుతడు, తెలుగుల చెప్తడు. అది నేను చెప్పినదానికి కలవకపోతే కాకా బండ మీద ఒక గీత పెడుతడు. ఫోటో కాడ మొదటి గీత పడ్డది. పడవోడు ముసలామెతోని మాట్లాడిన కాడ రెండోది. నేను వదిన వంట గురించి చెప్పిన కాడ అసలు వాడు పడవకు తారు దొరుకుతదా అని అడుగుతున్నడు. మొదట్ల బామ్మర్ది పడి పడి నవ్విండు. తారుకు పప్పుచారుకు జర దగ్గరనే గదరా అని నేను గూడ అన్న. గీతలు గడప కాడికెళ్ళి నీళ్ళ డ్రమ్ము దాక పోయినంక వాడు నవ్వుడు ఆపిండు. బావా, ఒక్కటన్న కలుస్తదా అన్నడు. అన్నిటికన్న వాని నవ్వు ఆగుడే నాకు తగిలింది.

సారు మీద నాకు ఎంత మంటగ ఉండెనంటే, ఆయన గెలిచినట్టు ఒక్క మాట అంటే బాగుండు, కొట్లాట పెట్టుకుందు. అనలే. ఏడ తమ్ముడని చెప్పాల్సి వచ్చినా జర ఆగి, ఇక్కడ కూడా గేటువాడేనండీ అని, తానే తప్పు చేసినట్టు చెప్తుండె.

ఆఖరికి గిర్ని వచ్చింది. మంట, ఇద్దరు, గొడ్డలి. ఇక్కడ నేను అప్పుడు చాన చెప్పిన. పడవోని మూతి కదిలింది చిటికెడంత, నేను చెప్పింది తట్టెడంత. అన్నదమ్ములల్ల పెద్దోడు ముందుగాల మాట్లాడాలె, అప్పుడే చిన్నోనికి నోరొస్తది అని పడవోడు అన్నట్టు చెప్పిన. కాకా సుద్దముక్క పట్టుకొని తెర దిక్కే చూస్తున్నడు. ఇక్కడేమంటుండు సార్ అన్నడు.

“తెల్లారనీ అంటున్నాడండీ.”

“ఇంకా?”

“అంతేనండీ. ఒక్క మాటే.”

కాకా ఆడ గీత పెట్టలే. సుద్దముక్క జేబుల ఏసుకొని, సారును చాయ తాగి పొమ్మని చెప్పి, మేడ మీదికి పోయిండు.

సారు పోయేటప్పుడు నన్ను ఒక్క మాట అడిగిండు, రెండో భాగం కథ ఇప్పుడైనా నచ్చిందా అని. నచ్చలేదన్న. అది నిజం. ఇప్పటికీ నచ్చదు. వాని పగ నాకు సమజయింది, మునిగినోళ్ళు సమజయిన్రు. కని గొడ్డలి కింద పెట్టిచ్చి, నన్ను ఏండ్లకేండ్లు ఎదురు చూపిచ్చి, ఆఖరికి నా చేతిల పని చెయ్యని బటన్లు పెడితే నేనేం చెయ్యాలె. వాడు చంపేటోడయితే గొడ్డలితోనే చంపనీ. సారు తలకాయ ఊపిండు, అది ఒప్పుకున్నట్టో, ఇగ చాలన్నట్టో నాకు తెల్వదు. గా స్టేషన్ల మాటకు నేను మాపీ అడిగిన. వదిలేయవయ్యా అన్నడు.

ఆ వారం కాకా నాకు మూతి చూపలే. సాంచాల నడుమ కోపమంటే తిట్టుకునుడు కాదు, మొఖం అవుతలికి తిప్పుకునుడు. పెదవి కనవడకపోతే మాటే లేదు. రూముల గూడ అట్లనే ఉన్నడు. కూర ఏసిండు, నీళ్ళిచ్చిండు, మొఖం మాత్రం గోడకు. నాకు ఆయన తిడుతడన్న భయం లేదు. భయమల్ల ఒక్కటే. నేను అల్లిన మాట పట్టుకొని ఆ ఇద్దరు మల్ల మాట్లాడుకున్నరు. మాట అబద్ధమయింది. ఇగ మాటలు ఉంటయా పోతయా? ఆ వారంల రెండుసార్లు ఆయన ఫోను మోగింది, తెర మీద తమ్ముని బొమ్మ పడ్డది. రెండుసార్లు ఆయన చూసి పక్కకు పెట్టిండు. మోగి మోగి ఆగింది. ఏ బటన్ నొక్కితే ఈయన ఎత్తుతడో నాకు తెల్వలే.

సెలవు నాడు పొద్దుగాల కాకా బట్టలు ఆరేస్తున్నడు. నేను పోయి ముంగటికి తిరిగి నిలవడ్డ, మొఖం తిప్పుకోను జాగ లేకుంట. ఒక పక్క గోడ, ఒక పక్క తడి లుంగీ. కుదురుగ నిలవడి నవ్వకుంట మాట్లాడుడు నాకు అలవాటు లేదు, సగం మాటలు మింగిన. ఆ మాట పడవోడు అనలే కాకా, నేనే అన్న, తప్పు నాది అన్న. కని మాట చెడ్డది కాదు, కథ పోతే పోయింది, ఫోను మాత్రం ఎత్తు, చిన్నోడు ఏమనుకుంటడు అన్న. అంటుండంగనే ఆయన జేబుల ఫోను మోగింది. ఆయన తీసి చూసిండు. మోగనిచ్చిండు. నా దిక్కు చూసిండు, వారం తర్వాత మొదటిసారి. చెయ్యి తుడుసుకొని, బటన్ నొక్కి, ఫోను నా చేతిల పెట్టిండు.

“చిన్నోనికి నోరొస్తదంటివి. వచ్చింది. గప్పటిసంది మూస్తలేడు, నాకు వాని బర్రె ముచ్చట్లు విని విని చెవులు పోయినయి. తమ్ముడు నువ్వు అల్లినోడే గద, జర నువ్వే మాట్లాడు.”